తాళం వేసిన ఊపిరి

ఈ తాళం వేసింది నేనే. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు కాస్త తేలిక. తప్పు ఎవరిదని తరవాత మీరు వెతుక్కోనక్కర్లేదు.

తుఫాను వచ్చిన మూడో రోజు, పొద్దున్న పదిన్నరకి, హైస్కూలు కంప్యూటర్ గదిలో కూర్చుని ఉన్నాను. ఊరంతా ఆ స్కూల్లోనే తలదాచుకుంది. తరగతి గదుల్లో చాపలు, వరండాలో గంజి గిన్నెలు, ఎక్కడ చూసినా తడి గుడ్డల వాసన. అంతవరకూ కరెంటు లేదు. ఆ పొద్దున్న ఎండ కాసింది, డాబా మీద సోలార్ పలకలు పనిచేశాయి, కంప్యూటర్ లేచింది. పెన్‌డ్రైవ్ పెట్టాను. రెండు నిమిషాల పని అనుకున్నాను. తెర మీద ఒక చిన్న గడి వచ్చింది. ఈ పని చేయడానికి మీకు అధికారం లేదు, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఇవ్వండి అని.

నా పక్కన బెంచీ మీద మా అత్త నూకరత్నం కూర్చుని ఉంది. ఆమెకి నిద్ర లేక యాభై మూడు గంటలైంది. నిద్రపోతే చచ్చిపోతుంది.

"ఏటే, అయిందా?" అంది అత్త.

"అవుతోంది," అన్నాను.

"అయిపోతే సెప్పు, ఓ కునుకు తీస్తాను."

మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ అదే గడి. పక్క కంప్యూటర్‌కి మారాను, దాని పక్కదానికి మారాను. పది కంప్యూటర్లూ ఒకే మాట చెప్పాయి. వెనక్కి తిరిగేసరికి అత్త తల గోడకి ఆనింది, నోరు కొద్దిగా తెరుచుకుంది. గుండెల వైపు చూశాను. కదలడం లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మాని తొడ మీద గట్టిగా గిల్లాను. పెద్ద ఊపిరి ఒకటి లోపలికి లాగి కళ్లు తెరిచింది.

"సంపేస్తావేటే, ముదనష్టపుదానా," అంది.

ఆ తిట్టు వినగానే నా ప్రాణం కుదుటపడింది.

మూడేళ్ల కిందట ఆమె మెదడు అడుగున గడ్డ తీశారు. గడ్డతో పాటు చిన్న ముక్క ఒకటి పోయింది. నిద్రలో ఉన్నప్పుడు కూడా ఊపిరి తీయమని మనిషికి గుర్తుచేసేది ఆ ముక్కే. మెలకువలో ఆమెకి ఏ లోటూ లేదు, రేవులో నిలబడి చేపల బేరం ఆడితే బజారు దాకా వినిపిస్తుంది. నిద్రపడితే మాత్రం ఊపిరి ఆగిపోతుంది. అలాంటి వాళ్ల కోసం విశాఖపట్నంలో మా ల్యాబు ఊపిరిబిళ్లని తయారుచేసింది. రూపాయి బిళ్లంత ఉంటుంది, ఎడమ రొమ్ము పైన చర్మం కింద పెడతారు. మనిషి నిద్రపోగానే ఊపిరి నరాన్ని అది తడుతుంది. అయితే ఏ ఇద్దరూ ఒకేలా ఊపిరి తీయరు. బిళ్లకి ఒక మనిషి లయ నేర్పడానికి ఆరు నెలలు పడుతుంది. నేర్చుకున్నది ఒక ఫైలుగా రాసి దాస్తాం. బిళ్ల ఎప్పుడైనా మరిచిపోతే ఆ ఫైలు మళ్లీ ఎక్కిస్తే సరి.

తుఫాను మొదటి సాయంత్రం బిళ్ల మరిచిపోయింది. స్కూలు జెండా కర్ర మీద పిడుగు పడింది. దానికి నాలుగడుగుల దూరంలో అత్త ఎవరి పిల్లనో ఎత్తుకుని వరండా ఎక్కుతోంది. ఇద్దరికీ గీత కూడా పడలేదు. నేను ఎందుకైనా మంచిదని, బిళ్లని చదివి ఫైలు ఎక్కించే రీడర్ తీసి ఆమె గుండె మీద పెట్టి చూస్తే ఎర్ర దీపం వెలిగింది. బిళ్ల బాగానే ఉంది, లోపల ఏమీ లేదు.

మేం ఆ ఊరు వచ్చింది అత్త తమ్ముడి మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే చూడ్డానికి. మా ఆయన పారాదీప్ రేవులో బోటుతో చిక్కుకుపోయాడు. నా ల్యాప్‌టాప్ విశాఖలో ఉంది. ల్యాబు కంప్యూటర్లు గుమ్మం దాటకూడదని రూలు. ఆ రూలు కూడా నేను రాసిందే. కానీ ఆ ఫైలున్న పెన్‌డ్రైవ్ మాత్రం అత్త కొంగుముడిలో ఎప్పుడూ ఉంటుంది, ఒకప్పుడు చేపల డబ్బులు ముడేసుకున్న చోటే. రీడర్ నా సంచిలో ఉంటుంది. కరెంటు వస్తే చాలనుకున్నాం. రెండు రోజులూ ఆమెని నిద్రపోనివ్వకుండా ఆపింది ఆ ఆశే.

ఇంకొకటి కూడా ఉంది. పోట్లాట.

మా పోట్లాట పదిహేనేళ్ల నాటిది. నేను నీచు ముట్టని ఇంటి నుంచి వచ్చాను. పెళ్లయిన ఏడాది పాటు అత్త నన్ను పేరు పెట్టి పిలవలేదు, ఆ ఇంజినీరు గుంట అనేది. నా చేపల పులుసు నోట పెట్టి, కోటేశూ, ఇది పులుసా, కుంకుడురసమా అని కొడుకుని అడిగేది. తుఫాను గాలికి కిటికీ రెక్కలు ఊడిపోతున్నప్పుడు నేను ఆ సంగతులన్నీ తవ్వి తీశాను. ఆడపడుచు పెళ్లిలో నాకు పెట్టిన చీర సంగతి తీశాను. మా అమ్మని గుమ్మంలో అరగంట నిలబెట్టిన సంగతి తీశాను. ఆమె ఒకటికి నాలుగు అంటించింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ముందు సర్దిచెప్పబోయారు, సంగతి తెలిశాక పక్కన కూర్చుని నాకు కొత్త తగువులు అందించారు. కోపం ఉన్నంతసేపూ ఆమెకి నిద్ర రాలేదు.

వరహాలు మాస్టారు గదిలోకి వచ్చాడు. ఆ స్కూలుకి ఆయనే ఇన్‌చార్జి హెడ్మాస్టరు. నాలుగు రోజుల గెడ్డం, మెడలో తాళాల గుత్తి.

"ఏటయిందమ్మా, తెరుచుకోలేదా?"

"మీ కంప్యూటర్ పాస్‌వర్డ్ కావాలి మాస్టారూ."

"బోర్డు మీద రాసున్నాది కదమ్మా. పిల్లలు వాడేది అదే."

"అది పిల్లలది. యజమానిది కావాలి."

ఆయన మొహం చిన్నబోయింది. "అది సుధారాణి టీచరుకే తెలుసమ్మా. ఆవిడ గెడ్డ అవతల ఉంటారు. నేను సోషల్ మాస్టార్ని, నాకివేవీ తెలీవు."

గెడ్డంటే ఊరి పక్క వాగు, దాని మీద వంతెన తుఫాను రాత్రే కొట్టుకుపోయింది. ఫోన్లకి సిగ్నల్ లేదు. మాస్టారు బయటికి పరిగెత్తి ఇద్దరు కుర్ర జాలర్లని తెప్ప మీద పంపాడు. వెళ్లి రావడానికి మూడు గంటలు పడుతుందన్నారు. అప్పుడు టైము పదకొండు.

మూడు గంటల పాటు చేతులు కట్టుకుని కూర్చోలేను. మాస్టారుతో కలిసి టీచరు బల్ల సొరుగులన్నీ వెతికాను. కీబోర్డులు తిరగేసి చూశాను. స్కూలు పేరు, ఊరి పేరు, ఆవిడ కూతురి పేరు కొట్టి చూశాను. ఐదోసారి తప్పాక కంప్యూటర్ అరగంట పాటు నన్ను దగ్గరికి రానివ్వలేదు. వేరే దారిలో లేపుదామంటే ఆ దారికీ పాస్‌వర్డ్ అడిగింది. ఎవరిదో ఫోనుకి పెన్‌డ్రైవ్ తగిలిస్తే, ఇందులో ఉన్నది నాకు అర్థం కాదు, చెరిపేసి కొత్తగా రాసుకోనా అని అడిగింది. గబుక్కున లాగేశాను.

సుధారాణి టీచర్ని తప్పుపట్టలేను. ఆవిడ చేయాల్సిన పని ఆవిడ చక్కగా చేసింది.

పెన్‌డ్రైవ్ తాళానికి నేను పెట్టిన పాస్‌వర్డ్ నాకు వచ్చు, ఇరవై రెండు అక్షరాలు. కానీ నా తాళం ప్రోగ్రాం పనిచేయాలంటే ముందు కంప్యూటర్ లోపలికి ఒక చిన్న పనిముట్టు దించాలి. దించడానికి ఆ కంప్యూటర్ యజమాని ఒప్పుకోవాలి. ల్యాబులో ప్రతి కంప్యూటర్‌కీ యజమానిని నేనే. సరే అన్న మాట మీద నొక్కడం తప్ప అక్కడ నేనెప్పుడూ ఏ అడ్డూ చూడలేదు. వందసార్లు పరీక్షించాను, వందసార్లూ నా కంప్యూటర్ మీదే.

లోకనాథం మాత్రం చూశాడు. మా ల్యాబులో టెక్నీషియన్, ఊళ్లు తిరిగి రోగుల బిళ్లలు తనిఖీ చేసే మనిషి. రెండేళ్ల కిందట ఒక కాగితం పట్టుకొచ్చాడు. "మేడం, పల్లెల్లో ఆస్పత్రికెళ్లినా, పంచాయితీ ఆఫీసుకెళ్లినా మనకి కంప్యూటర్ మీద అధికారం ఇవ్వరండి. మన తాళం అక్కడ తెరుచుకోదు. ఏదీ లోపలికి దించకుండా తాళం తెరిచే చిన్న ప్రోగ్రాం ఉందండి. కాస్త నిదానం, అంతే. అది కూడా ఇదే పెన్‌డ్రైవ్‌లో పెడదామండి," అన్నాడు.

ఆ కాగితం మీద ఎర్ర సిరాతో అవసరం లేదు అని రాశాను.

నా భయం నాకుంది. అంతకు ముందు సంవత్సరం మా మూడో రోగి చచ్చిపోయింది. ముప్పై ఏళ్ల మనిషి. అప్పట్లో ఫైళ్లకి తాళాలు లేవు. ఆమె మొగుడు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఆమె ఫైలు తెరిచాడు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య విరామం పెంచి మళ్లీ బిళ్లకి ఎక్కించాడు. బుద్ధి చెబుదామనుకున్నానని పోలీసులకి చెప్పాడట. ఆ ఫైల్లో అంకెలు నేను చూశాను. ఆ రోజు నుంచీ నాకు ప్రతి ఇంట్లోనూ అలాంటి మనిషే కనిపించేవాడు. తాళం మీద తాళం వేశాను. ఎవరైనా తలుపు కొద్దిగా తెరిచి ఉంచుదామంటే నాకు ఒళ్లు మండేది.

"ఎవరో ఊపిరి దొంగిలిస్తారని నా ఊపిరికి తాళం ఏసినావు. తాళంసెవి పోతే?" అని అత్త అప్పుడే అడిగింది.

"పోదు," అన్నాను.

పన్నెండున్నరకి అత్తకి మాట తడబడింది. చన్నీళ్లు మొహాన కొట్టాం. ఇద్దరు ఆడవాళ్లు చెరో రెక్కా పట్టుకుని వరండాలో నడిపించారు. కాళ్లు ఈడ్చుకుపోతున్నాయి. కునుకు పట్టినప్పుడల్లా ఊపిరి తగ్గుతోంది, ఊపిరి తగ్గినకొద్దీ మత్తు ఎక్కువవుతోంది. గిల్లితే లేచే దశ దాటిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది.

"మా అమ్మని గుమ్మంలో నిలబెట్టావు," అన్నాను.

"నిలబెట్టినాను," అంది.

"ఎందుకు నిలబెట్టావు?"

"ఏమోనే. అప్పుడు కోపం," అని బెంచీ మీద కూలబడింది. ఆ గొంతులో పోట్లాట లేదు.

అప్పుడు ఆమె మెడలో చెయ్యి పెట్టి తాయెత్తు బయటికి తీసింది. నేను ఆ పొద్దుటి నుంచి ఆ తాయెత్తు వైపు చూడకుండా పనిచేస్తున్నాను.

"హైమా, ఇలగ రా. నువ్వు తిడతావని సెప్పలేదు. ఇందులో ఇంకోటుంది."

"అత్తా..."

"ఇను. లోకనాథం బాబు సిన్న ముక్క ఒకటి సేసిచ్చినాడు. దీనికి తాళం నేదు, ఎక్కడెట్టినా తెరుసుకుంటాదన్నాడు. నానే బతిమాలి సేయించినాను, ఆ బాబుని ఏటీ అనకు. నీ తాళం తెరుసుకుంటే నీకు పేరు దక్కుద్దని ఇందాకటి దాకా ఊరుకున్నాను. ఇంక నావల్ల కావట్లేదే. ఇది ఎట్టేసుకో."

తాయెత్తు నా అరచేతిలో పెట్టింది. ఒంటి వేడికి వెచ్చగా ఉంది.

నెల కిందట ఒక మధ్యాహ్నం అత్త తలంటు పోసుకుంటూ ఆ తాయెత్తు గూట్లో పెట్టింది. మూత వదులైతే బిగిద్దామని తీశాను. లోపల వేలిగోరంత మెమరీ కార్డు. కంప్యూటర్లో పెడితే ఏమీ అడక్కుండా తెరుచుకుంది. ఆమె ఊపిరి మొత్తం, అంకె అంకె, ఎవడైనా చదువుకునేటట్టు. నాకు మూడో రోగి కళ్లముందు కనిపించింది. ఇది ఎవరి పనో అర్థమైంది. అత్తని అడగొచ్చు. అడిగితే పోట్లాట, ఆ పూట నాకు ఓపిక లేదు. చెరిపేసి మళ్లీ తాయెత్తులో పెట్టి మూత బిగించాను. మామూలుగా చెరపలేదు. ఎవరూ వెనక్కి తీయలేకుండా మూడుసార్లు చెరిపాను. పని బాగా వచ్చినదాన్ని కదా.

ఇప్పుడు ఆ సంగతి ఆమెకి చెప్పాలి. చెప్పకుండా కార్డు పెట్టినట్టు నటించవచ్చు. కానీ అప్పుడు సరేనని ఆమె కళ్లు మూసుకుంటుంది. చెబితే కోపం వస్తుంది. కోపం వస్తే బతుకుతుంది. నిజం చెబుతున్నాను, నేను ఒప్పుకున్నది సిగ్గుపడి కాదు, ఆ లెక్క వేసుకుని.

"అందులో ఏమీ లేదత్తా. నేనే తుడిచేశాను."

ఆమె నా వైపు చూసింది.

"ఎప్పుడే?"

"పోయిన నెల. నీకు చెప్పకుండా. నీ మెడలో ఉన్నది ఖాళీ ముక్క."

నేను ఎదురుచూశాను. రెక్క పట్టుకున్న ఆడవాళ్లు కూడా ఎదురుచూశారు. పదిహేనేళ్లలో ఆమె నన్ను ఇంతకంటే చిన్నవాటికి ఊరంతా వినిపించేలా తిట్టింది. బియ్యంలో రాయి వస్తే తిట్టింది. గేటు గడియ వేయకపోతే తిట్టింది.

అత్త చెయ్యెత్తి నా చెంప మీద పెట్టింది. కొడుతుందనుకున్నాను.

"పోన్లే," అంది. "నా మంచికే సేసుంటావు."

"కాదు. నా మంచికే చేశాను. తిట్టు అత్తా."

"ఏడవకే."

"తిట్టు. నీకు దండం పెడతాను. నీ ఊపిరి తీసేశానంటుంటే పోన్లే అంటావేంటి? నన్ను కొట్టు."

"ఓపిక నేదే," అని నవ్వింది. ఆ నవ్వు మొహాన ఉండగానే తల పక్కకి వాలింది.

గిల్లాను. చెంపలు వాయించాను. అరికాలు మీద కాలిన పుల్ల పెట్టాను. లేవలేదు. అప్పుడు ఒంటిగంటా ఇరవై.

కింద పడుకోబెట్టి ముక్కు మూసి నోట్లోకి ఊదాను. గుండె పైకి లేచింది, దిగింది. మళ్లీ ఊదాను. నాకు కళ్లు తిరిగాక ఆమె మరదలు ఊదింది, తరవాత ఇంకొకామె ఊదింది. వరహాలు మాస్టారు గోడ గడియారం చూస్తూ లెక్క చెప్పాడు. ఆయన లెక్క తప్పలేదు. కొంతసేపు బాగానే సాగింది. తరవాత గాలి పొట్టలోకి పోయింది. వాంతి అయింది. పక్కకి తిప్పి, నోరు తుడిచి, మళ్లీ తిప్పేసరికి ఎంతసేపయిందో నాకు తెలియదు. పెదవులు నీలంగా ఉన్నాయి. మళ్లీ మొదలుపెట్టాం. అలా రెండుసార్లు అయింది. ఎవరం ఎంత బలంగా ఊపిరి పోస్తున్నామో, అది ఆమెకి చాలుతోందో లేదో ఎవరికి తెలుసు. ఆమె లయ నాకు ఒక్కదానికే తెలుసు. అది గజం దూరంలో, పెన్‌డ్రైవ్‌లో, నా తాళం వెనక ఉంది.

రెండు గంటలకి సుధారాణి టీచర్ వచ్చింది. నడుము దాకా తడిసి ఉంది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని కీబోర్డు మీద పది అక్షరాలు కొట్టింది. గడి మాయమైంది. ఇప్పుడు నా పాస్‌వర్డ్ అడిగింది. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టాను. మూడోసారి తెరుచుకుంది. రీడర్ ఆమె గుండె మీద పెట్టాను. ఫైలు ఎక్కడానికి పట్టింది పదకొండు సెకన్లు.

ఆకుపచ్చ దీపం వెలిగింది. అత్త గుండె తనంతట తాను పైకి లేచింది, చివర్లో చిన్న తొట్రుపాటు, తరవాత దిగింది. ఆ తొట్రుపాటు ఆమెదే. ఆరు నెలలు కూర్చుని నేను రాసుకున్నదే. చుట్టూ ఉన్నవాళ్లంతా ఏడ్చారు. మాస్టారు లెక్క ఆపలేక ఇంకా చెబుతూనే ఉన్నాడు.

సాయంత్రానికి ఆమె లేస్తుందని అందరూ అనుకున్నారు. మూడు రోజుల నిద్ర కదా, పడుకోనివ్వండి అన్నారు. ఆమె లేవలేదు.

ఇప్పుడు విశాఖపట్నం ఆస్పత్రిలో ఉన్నాం. ఊపిరి ఒక్కసారి కూడా తప్పలేదు. డాక్టర్లు బిళ్లని మెచ్చుకుంటున్నారు. మెదడు సంగతి అడిగితే చూద్దాం అంటున్నారు. మా ఆయన వచ్చాడు. జరిగిందంతా చెబితే విని బయటికి వెళ్లిపోయాడు. రోజూ వస్తాడు, తల్లి కాళ్లు పడతాడు, నాతో మాట్లాడడు. లోకనాథం అడిగిన చిన్న ప్రోగ్రాం ఇప్పుడు రోగులందరి పెన్‌డ్రైవ్‌లలోనూ ఉంది. ఆ కాగితం వెతికి తీసి, ఎర్ర సిరా కింద నా తప్పు అని రాసి సంతకం పెట్టాను. అతను దాన్ని చూసి, "ఎందుకండీ మేడం," అని తల దించుకున్నాడు.

రోజూ పొద్దున్న అత్త తల దువ్వి, చెవి దగ్గర కూర్చుంటాను. మా అమ్మ సంగతి ఎత్తుతాను. చీర సంగతి ఎత్తుతాను. నా చేపల పులుసు ఊళ్లో అందరికంటే బాగుంటుందని చెబుతాను. చివరికి తాయెత్తు సంగతి చెబుతాను. నేనే తుడిచేశానత్తా, నీకు చెప్పకుండా తుడిచేశాను అని. చెప్పి ఆమె పెదవుల వైపు చూస్తాను.

ఇవాళ్టికి పదకొండో రోజు. ఇవాళ కూడా చెప్పాను. తిట్టలేదు.